చీటీ మీద టీబీడీ ఉంటే ఆవుకు టీబీ ఉన్నట్టు కాదు

ప్రశ్న: మాది విశాఖ జిల్లా ఆనందపురం మండలం. జెర్సీ సంకర ఆవు రెండో ఈత, ఈని మూడు వారాలైంది. పూటకు నాలుగు లీటర్లు ఇచ్చేది అర లీటరుకు పడిపోయింది. నాలుగు రోజులుగా ఒళ్లు కాలిపోతోంది, మేత ముట్టడం లేదు, జబ్బ ముందు నిమ్మకాయంత బిళ్ల కట్టింది. పశువుల ఆసుపత్రిలో రక్తం తీసి చీటీ రాశారు. దాని మీద ‘టీబీడీ’ అని ఉంది. టీబీయే అంటున్నాడు మా అబ్బాయి. ఇంట్లో పాలు తాగడం మానేశాం. ఆవును అమ్మేయమంటారా? రాసిన సూదిమందు కొన్నాం గానీ, నరానికి వేస్తే త్వరగా గుణమిస్తుందని మా ఊళ్లో సూది వేసే ఆయన అంటున్నాడు. వేయించవచ్చా? ఈమధ్య మా ఆవిడకూ జ్వరం వస్తే డాక్టరు స్క్రబ్ టైఫస్ పరీక్ష రాశారు. అదీ పిడుదుల వల్లేనా?

జవాబు: ఫోన్‌లో మీకు చెప్పిన మాటలే ఇంకొందరికి పనికొస్తాయని వివరంగా రాస్తున్నాను. ముందు టెన్షన్ తీసేద్దాం. మీ ఆవుకు టీబీ ఉందని ఆ చీటీలో ఎక్కడా లేదు. టీబీడీ అంటే టిక్ బార్న్ డిసీజ్, అంటే పిడుదుల ద్వారా వచ్చే జబ్బు. పశువులకూ క్షయ ఉంటుంది, కాకపోతే అది నెలల తరబడి లోలోపల తినేసే రోగం. దాన్ని చర్మంలోకి ట్యూబర్‌క్యులిన్ సూది వేసి, మూడు రోజుల తర్వాత వాపు కొలిచి తేలుస్తారు. నాలుగు రోజుల్లో జ్వరం 105 దాటి బిళ్ల కట్టడం దాని తీరు కాదు.

తప్పు మీ అబ్బాయిది కాదు. కేజీహెచ్ అంటే కింగ్ జార్జ్ ఆసుపత్రి అని విశాఖలో బడికెళ్లే పిల్లాడు కూడా చెబుతాడు గానీ, టీబీడీ ఎవరికి తెలుస్తుంది? మూడక్షరాల్లో తేల్చేయడం మాకు అలవాటైపోయింది. చదివే వాళ్ల గుండె ఎక్కడ ఆగుతుందో ఆలోచించం. ఆ చీటీలు రాసిన వాళ్లలో నేనూ ఒకణ్ని.

మీరు పంపిన ఫొటోలో ఉన్నవి ఒక్కొక్కటే చూద్దాం. ‘టీ 105.4’ అన్నది జ్వరం, ఫారన్‌హీట్‌లో. ఆవుకు మామూలుగా 101.5 అటూ ఇటూగా ఉంటుంది. ‘ఎల్‌ఎన్’ పక్కన రెండు ప్లస్ గుర్తులు మీరు చూసిన ఆ బిళ్లే, అంటే లింఫు గ్రంథి బాగా వాచిందని. ఇదే ఎల్‌ఎన్ కృత్రిమ గర్భధారణ కేంద్రంలో వినిపిస్తే వీర్యం నిల్వ చేసే ద్రవ నత్రజని అవుతుంది. మా భాషలో ఇలాంటి కవలలు చాలా ఉన్నాయి. హెచ్‌ఎస్ అంటే పశువుల డాక్టరుకు గొంతువాపు, మనుషుల డాక్టరుకు రాత్రి పడుకునే ముందు వేసుకోవాల్సిన మాత్ర. ‘ఎంఎం పేల్’ అంటే కంటి రెప్ప లోపల, చిగుళ్ల మీద ఎరుపు పోయి తెల్లబడిందని.

‘బీఎస్’ రక్తపు పూత. చెవి అంచున సూదితో గుచ్చి, వచ్చిన చుక్కను గాజు పలక మీద పలచగా లాగి, జీమ్సా రంగు వేసి మైక్రోస్కోపు కింద పెడతారు. ఎర్ర రక్తకణాల్లో చిన్న చిన్న ఉంగరాలు, కామాలు ఊదారంగులో కనిపిస్తాయి. మీ రిపోర్టులో ‘టీ.ఏ. ప్లస్’ అని రాసింది వాటి గురించే. థైలేరియా యాన్యులేటా అనే పరాన్నజీవి అది. దాని కింద ‘బీ.బీ. నెగెటివ్’ అని ఉంది కదా, అది బబీషియా బైజెమినా. ఆ జబ్బు అయితే మూత్రం కాఫీ డికాషన్‌లా పోయేది, మందు కూడా వేరే. ఊళ్లో రెంటినీ కలిపి ‘రక్తంలో పురుగు’ అనేసి ఒకటే సూది పొడిచేస్తుంటారు. పలక చూడకుండా మందు వేయించుకుంటే డబ్బూ పోతుంది, రోజులూ పోతాయి. ఈ జబ్బులో డబ్బు కన్నా రోజులు పోవడమే ప్రమాదం.

ఇక పీసీవీ. ఊదారంగు మూత ఉన్న చిన్న సీసాలోకి రక్తం తీస్తారు. అందులో ఈడీటీఏ అనే పొడి ఉంటుంది కాబట్టి రక్తం గడ్డకట్టదు. దాన్ని చీపురుపుల్లంత సన్నటి గాజుగొట్టంలోకి ఎక్కించి మెషీన్లో గిర్రున తిప్పితే ఎర్రకణాలు అడుగుకు దిగుతాయి, పైన పసుప్పచ్చటి నీరు తేలుతుంది. మొత్తం 100 భాగాలైతే ఎరుపు ఎన్ని భాగాలో అదే పీసీవీ. ఆవుకు 24 నుంచి 46 దాకా ఉండాలి. మీ ఆవుకు 16 ఉంది. హిమోగ్లోబిన్, అంటే ‘హెచ్‌బీ’, 8 అయినా ఉండాల్సింది 5.2 దగ్గర ఆగింది. రక్తం బాగా తగ్గిన మాట నిజమే, కానీ చేయి దాటిపోలేదు. పీసీవీ 12 దగ్గరికి జారితే అప్పుడు రక్తం ఎక్కించే సంగతి ఆలోచిస్తారు.

అందుకే ఆవును ఎండలో నడిపించొద్దు, ఆటో ఎక్కించి ఊరూరా తిప్పొద్దు. ఒంట్లో రక్తం లేని పశువు నాలుగడుగులు వేస్తేనే రొప్పుతుంది. నీరసంగా ఉందని సెలైన్ సీసాలు వరసగా ఎక్కించమని కూడా అడగకండి, ఉన్న కాస్త రక్తం ఇంకా పలచబడుతుంది. పచ్చగడ్డి, ఉలవగుగ్గిళ్లు, చల్లటి కుడితి ఏది తింటే అది కొంచెం కొంచెంగా పెట్టండి. ముక్కులోంచి నురగ వచ్చినా, నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందని అర్థం. తెల్లారే దాకా ఆగకుండా డాక్టరుకు, పశువుల అంబులెన్సు నంబరు 1962కు ఫోన్ చేయండి.

చీటీలో ‘బీపీక్యూ 15 ఎంఎల్ ఐఎం స్టాట్’ అని రాసింది బుపర్వకోన్ అనే మందు గురించి. కిలో బరువుకు 2.5 మిల్లీగ్రాముల లెక్కన 300 కిలోల ఆవుకు 15 మి.లీ. సరిపోయింది. ఐఎం అంటే కండలోకి, స్టాట్ అంటే వెంటనే. నరానికి వేసేదైతే ‘ఐవీ’ అని రాసేవారు. ఈ మందును నరానికి వేయకూడదు, త్వరగా గుణమిస్తుందన్న మాటకు లొంగకండి. మెడ కండలో, ఒకే చోట 10 మి.లీ.కి మించకుండా రెండు చోట్ల పంచి వేయాలి. జ్వరం దిగకపోతే రెండు, మూడు రోజులకు ఇంకో మోతాదు అవసరమా అన్నది డాక్టరు చూసి చెబుతారు.

రెండో మందు ‘ఓటీసీ ఎల్‌ఏ’. మందుల షాపు వాళ్ల భాషలో ఓటీసీ అంటే చీటీ లేకుండా అమ్మేది. ఇక్కడ అది ఆక్సీటెట్రాసైక్లిన్, యాంటీబయాటిక్. ఎల్‌ఏ అంటే ఒంట్లో ఎక్కువ రోజులు నిలిచే రకం. ఓడీ రోజుకు ఒకసారి, బీడీ కాల్చుకునేది కాదు, రోజుకు రెండుసార్లు. ఎస్‌ఓఎస్ అంటే అవసరమైతేనే. జ్వరం సూది పక్కన అదే ఉంది కాబట్టి జ్వరం లేని పూట అది వేయించనక్కర్లేదు.

పాల సంగతి. థైలేరియా మనుషులకు అంటదు. కానీ మందు పాలల్లోకి దిగుతుంది. ఎన్ని పూటల పాలు పారబోయాలో మందు పెట్టె మీద రాసి ఉంటుంది, డాక్టరును కూడా అడగండి. అన్ని రోజులూ కేంద్రానికి కూడా పోయకండి. ఆ గడువు దాటాక ఎప్పటిలా కాచుకుని తాగండి. ఆవును అమ్మొద్దు. అమ్మితే దానితో పాటు పిడుదులు కూడా ఇంకో శాలకు చేరతాయి.

పిడుదు రోగం మోస్తుందని మొదట తేలింది పశువుల్లోనే. సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమలో మలేరియా క్రిమిని చూసింది 1897లో. అంతకు నాలుగేళ్ల ముందే, 1893లో, అమెరికాలో స్మిత్, కిల్బోర్న్ అనే ఇద్దరు, బబీషియా వల్ల వచ్చే ఎర్రమూత్రం జబ్బును పిడుదులే మోస్తున్నాయని బయటపెట్టారు.

మీ శాలలో పని ఇక్కడే ఉంది. థైలేరియాను మోసే పిడుదు హయలోమా జాతిది. రక్తం తాగి శనగగింజలా ఉబ్బిన ఆడ పిడుదు ఆవు మీంచి రాలి గోడ పగుళ్లలోకి దూరి వేలల్లో గుడ్లు పెట్టి చస్తుంది. ఆవుకు మాత్రమే మందు కొట్టి గోడలను వదిలేస్తే మళ్లీ మొదటికే వస్తుంది. పగుళ్లు మట్టితోనో సిమెంటుతోనో పూడ్చి సున్నం వేయండి. ఇంకో సంగతి, ఈ పిడుదు కరిచిన వెంటనే రోగం ఎక్కించదు. రక్తం తాగడం మొదలుపెట్టాక దాని లాలాజల గ్రంథుల్లో క్రిమి తయారవడానికి రెండు, మూడు రోజులు పడుతుంది. అంటే రోజూ పాలు పితికే ముందు రెండు నిమిషాలు చెవి లోపల, గంగడోలు కింద, పొదుగు మడతల్లో, తోక మొదట్లో తడిమి ఏరేస్తే చాలా వరకు జబ్బు ఆగుతుంది. ఏ టానిక్కూ ఇంత పని చేయదు.

ఏరినవాటిని గోళ్ల మధ్య నలపకండి. 2011లో గుజరాత్‌లో మనుషుల ప్రాణాలు తీసిన సీసీహెచ్ఎఫ్ అనే రక్తస్రావ జ్వరం ఈ హయలోమా జాతి పిడుదులు మోసేదే. చేతికి కవర్ తొడుక్కుని ఏరి, కిరోసిన్ డబ్బాలో వేయండి. మందు కొట్టడం ఆవు తేరుకున్నాకే. పశువుల కోసం అమ్మే 1.25 శాతం డెల్టామెత్రిన్ అయితే లీటరు నీటికి 2 మి.లీ. పొలానికి కొన్న ‘ఈసీ’ పురుగుమందు డబ్బా మిగిలింది కదా అని ఆవు మీద కొట్టొద్దు. రెండింటి గాఢత వేరు, అలా ప్రాణం మీదికి తెచ్చుకున్న పశువులను చూశాను. ఐవర్‌మెక్టిన్ సూది పాలిచ్చే ఆవుకు వద్దు.

మీ ఆవిడ గారి విషయం. స్క్రబ్ టైఫస్ పిడుదుల వల్ల రాదు. గడ్డి, పొదల్లో ఉండే మైట్ అనే నల్లి జాతి పురుగు (మంచాల్లో ఉండే నల్లి కాదు) పిల్లలు కుడితే వస్తుంది, అవి కంటికి సరిగా ఆనవు కూడా. కుట్టిన చోట సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి చెక్కు కడుతుంది. నొప్పి ఉండదు కాబట్టి చంకలోనో నడుం దగ్గరో ఉన్నా తెలియదు. ఒకసారి వెతికి, కనిపిస్తే డాక్టరుకు చెప్పండి. గడ్డి కోయడానికి వెళ్తారన్న మాట కూడా చెప్పండి. మందులున్న జబ్బే, ఆలస్యం చేయకూడదు.

ఆవుకు వారం, పది రోజుల్లో మళ్లీ బీఎస్, పీసీవీ చేయించండి, ఈ చీటీ వెంట తీసుకెళ్లండి. 16 కన్నా అంకె పెరిగితే దారిన పడ్డట్టే. పాలు మాత్రం వెంటనే పెరగవు, రక్తం పట్టాక పెరుగుతాయి. మీరు రాయని సంగతి ఒకటుంది, మూడు వారాల దూడ. అదీ ఆ శాలలోనే ఉంది కదా. థైలేరియాకు టీకా ఉంది, హైదరాబాద్‌లోనే తయారవుతుంది. ద్రవ నత్రజనిలో దాచాలి కాబట్టి అన్ని షాపుల్లో దొరకదు. దూడకు ఏ వయసులో వేయాలో ఆసుపత్రిలో అడిగి, ఇప్పుడే పేరు రాయించండి. చూడి పశువులకు ఈ టీకా వేయరు. ఈలోపు ఈ రాత్రికే టార్చి వేసి దూడ చెవుల లోపల చూడండి. జొన్నగింజంత పిడుదులు అక్కడే నక్కి ఉంటాయి.