మీ నాయన ‘వర్కింగా’, ‘వర్క్సా’?

మన తిరుపతి, చిత్తూరు పిల్లలు చదువు గురించి ఇంగ్లీషులో గడగడా చెప్పేస్తారు. ‘మీ నాన్నగారు ఏం చేస్తారు?’ అని అడిగితేనే వస్తుంది చిక్కు. మాటలు ఇంగ్లీషువే, కూర్పు మాత్రం మన ఇంట్లోది.

‘మా నాయన టీటీడీలో పని చేస్తా ఉండాడు’ అంటాం కదా. ‘ఉండాడు’కి ఈజ్, ‘చేస్తా’కి వర్కింగ్ తగిలిస్తే ‘మై ఫాదర్ ఈజ్ వర్కింగ్ ఇన్ టీటీడీ’. వ్యాకరణం తప్పని కాదు. కానీ వినేవాళ్లకు ఆయనేదో ప్రస్తుతానికి అక్కడున్నట్టు తోస్తుంది. పర్మనెంటు ఉద్యోగమైతే ‘మై ఫాదర్ వర్క్స్ ఫర్ టీటీడీ’ అనండి, చివరి ‘స్’ మింగేయకుండా. ఈజ్ వర్కింగ్‌ను ‘షి ఈజ్ వర్కింగ్ ఫ్రమ్ హోమ్ దిస్ వీక్’ లాంటి వాటికి దాచుకోండి. ‘డూయింగ్ జాబ్’ అన్నది మాత్రం ఎక్కడా పనికిరాదు.

ఇంకో చిక్కు ‘నుంచి’తో. ‘పన్నెండేళ్ల నుంచి’, ‘2013 నుంచి’ రెండింటికీ మనకు ఒకటే మాట. ఇంగ్లీషులో ఎంతకాలమో చెబితే ఫర్, ఎప్పుడు మొదలైందో చెబితే సిన్స్. అందుకే ‘ఈజ్ వర్కింగ్ సిన్స్ ట్వెల్వ్ ఇయర్స్’లో ఒకటి కాదు, రెండు తప్పులు. ‘హి హ్యాజ్ వర్క్డ్ దేర్ ఫర్ ట్వెల్వ్ ఇయర్స్’ అనాలి. తొందరలో హ్యాజ్ ఎగిరిపోయిందా, ఉద్యోగం మానేశాడని అర్థం! ఇంటర్వ్యూలో మీ గురించే అలా చెప్పుకుంటే ‘ఎందుకు మానేశారు?’ అన్నది తర్వాతి ప్రశ్న.

‘మా అమ్మ టీచరు’తో మన వాక్యం అయిపోతుంది. ఇంగ్లీషులో ‘ఈజ్ ఎ టీచర్’ కావాలి, ‘వర్క్స్ యాజ్ యాన్ ఇంజనీర్’ కావాలి. ఎ పెట్టాలా, యాన్ పెట్టాలా అన్నది రాసే అక్షరాన్ని బట్టి కాదు, పలికే శబ్దాన్ని బట్టి. యూనివర్సిటీ ‘య’తో మొదలవుతుంది కాబట్టి ‘ఎ యూనివర్సిటీ లెక్చరర్’. మనం ‘హెచ్’ అనే అక్షరాన్ని ఇంగ్లీషువాళ్లు ‘ఎయిచ్’ అంటారు, కనుక ‘యాన్ హెచ్ఆర్ మేనేజర్’.

మామిడి తోట ఉన్నవాళ్లు ‘డూయింగ్ అగ్రికల్చర్’ అనక్కర్లేదు. ‘హి ఈజ్ ఎ ఫార్మర్. హి గ్రోస్ మ్యాంగోస్.’ చాలు. అంగడి ఉంటే ‘హి రన్స్ ఎ గ్రోసరీ స్టోర్’.

‘గాట్ రిటైర్డ్’ వద్దు, ‘హి రిటైర్డ్ ఇన్ 2021’. డిగ్రీ ఎప్పుడయిందో చెప్పేటప్పుడు ‘గ్రాడ్యుయేటెడ్’ అనండి. ‘ప్యాస్డ్ అవుట్’ అంటే అమెరికాలో స్పృహ తప్పి పడిపోయారనుకుంటారు.