ఫ్యాటీ యాసిడ్ రిసెప్టార్ల మీద పరిశోధన: టాపిక్ కంటే ముందు కంట్రోల్స్ చూసుకోండి

ప్రశ్న: బీఫార్మసీ చివరి ఏడాది చదువుతున్నాను. పెద్దపేగు క్యాన్సర్‌లో ఫ్యాటీ యాసిడ్ రిసెప్టార్లను డ్రగ్ టార్గెట్లుగా తీసుకుని పరిశోధన చేయాలనుంది. ఎలా మొదలుపెట్టాలి? – ఒక విద్యార్థిని, గుంటూరు

జవాబు: అంశం మంచిదేనమ్మా. కాకపోతే ఈ రిసెప్టార్లన్నీ (ఫ్యాటీ యాసిడ్ తగిలితే కణానికి సంకేతం పంపే ప్రొటీన్లు) ఒక్క తీరుగా పనిచేయవు. మనం తిన్న పీచును పేగులోని బ్యాక్టీరియా పులియబెడితే ఎసిటేట్, ప్రొపియనేట్, బ్యూటిరేట్ అనే పొట్టి గొలుసు ఫ్యాటీ యాసిడ్లు వస్తాయి. వాటిని గుర్తించే ఎఫ్ఎఫ్ఏఆర్2, బ్యూటిరేట్‌ను గుర్తించే జీపీఆర్109ఏ పెద్దపేగు కణితుల్లో తగ్గిపోతాయి. జీపీఆర్109ఏ జీన్‌ను డీఎన్ఏ మిథైలేషన్ (డీఎన్ఏకు అతుక్కునే రసాయన గుర్తు) మూసేస్తుంది. రిసెప్టారే లేని కణం మీద అగోనిస్ట్ (రిసెప్టార్‌ను పనిచేయించే పదార్థం) ఎంత పోసినా లాభం లేదు. పొడవు గొలుసు ఆమ్లాలకు స్పందించే జీపీఆర్120 దీనికి ఎదురు: కణితికి రక్తనాళాలు పెరగడానికి అది తోడ్పడుతుందన్న ఆధారాలున్నాయి. అక్కడ కావాల్సింది యాంటగోనిస్ట్, అంటే రిసెప్టార్‌ను అడ్డుకునే పదార్థం.

ఎక్కువ ప్రాజెక్టులు దెబ్బతినేది ఒక్కచోటే. హెచ్‌సీటీ116 అనే పెద్దపేగు క్యాన్సర్ కణాలకు 2–5 మిల్లీమోలార్ సోడియం బ్యూటిరేట్ ఇస్తారు, ఎంటీటీలో (బతికున్న కణాలను అంచనా వేసే పరీక్ష) రీడింగ్ పడిపోతుంది, రిసెప్టార్ పనిచేసిందని రాసేస్తారు. అదే మోతాదులో బ్యూటిరేట్ కణంలోకి వెళ్లి జీన్ల పనిని నియంత్రించే హెచ్‌డీఏసీ ఎంజైములనూ అడ్డుకుంటుంది. కాబట్టి కంట్రోల్‌గా పెట్టిన, రిసెప్టార్‌ను నాకౌట్ చేసిన (దాని జీన్‌ను పనిచేయకుండా చేసిన) కణాల్లోనూ అదే ఫలితం వస్తే మీ వాదన పోయినట్లే. పెర్టుసిస్ టాక్సిన్‌తో జీఐ దారి (రిసెప్టార్ సంకేతం కణంలోకి వెళ్లే ఒక మార్గం) మూసి చూడాలి. ఎఫ్ఎఫ్ఏఆర్2కి జీక్యూ దారి కూడా ఉంది గనుక సీఏఎంపీతో (జీఐ దారిని చూపే అణువు) పాటు కాల్షియం అస్సే (జీక్యూ దారిని చూపే పరీక్ష) తప్పదు. పొడవు గొలుసు ఆమ్లాలైతే సీరంలోని ఆల్బుమిన్ పట్టేసుకుంటుంది, మీరు వేసిన మోతాదంతా కణానికి అందదు. జీఎల్‌పీజీ0974 అనే యాంటగోనిస్ట్ మనిషి ఎఫ్ఎఫ్ఏఆర్2ను అడ్డుకుంటుంది గానీ ఎలుక రిసెప్టార్‌కు అతుక్కోదు. ఇది తెలియక ఎలుకల మీద చేస్తే నెలలు వృథా.

మందుగా మారడం ఇంకా కష్టం. మరో ఫ్యాటీ యాసిడ్ రిసెప్టార్ జీపీఆర్40 మీద పనిచేసే మధుమేహ మందు ఫాసిగ్లిఫామ్‌ను మూడో దశ క్లినికల్ ట్రయల్స్ దాకా తెచ్చి, కాలేయ భద్రత కారణంగా 2013 డిసెంబరులో టకెడా ఆపేసింది.

ఇక దారి: జీప్యాట్ (ఎంఫార్మసీ ప్రవేశ పరీక్ష) రాయండి, తర్వాత నైపర్ జేఈఈ (జాతీయ ఫార్మసీ విద్యాసంస్థల ప్రవేశ పరీక్ష). బాలానగర్‌లోని నైపర్ హైదరాబాద్‌లో ఫార్మకాలజీ అండ్ టాక్సికాలజీ ఉంది. ఈ రిసెప్టార్ మీదే ఉద్యోగం దొరుకుతుందని అనుకోకండి. జీపీసీఆర్ (ఈ రిసెప్టార్ల కుటుంబం) సెల్ అస్సేలు, వెస్టర్న్ బ్లాట్ (ప్రొటీన్‌ను గుర్తించే పరీక్ష), డోస్ రెస్పాన్స్ కర్వ్ గీసి ఈసీ50 (సగం ప్రభావం చూపే మోతాదు) తీయడం వస్తే మాత్రం జీనోమ్ వ్యాలీలోని కాంట్రాక్ట్ రీసెర్చ్ కంపెనీల్లో పనికొస్తుంది. గైడ్‌కు మెయిల్ రాసేటప్పుడు టాపిక్ అడగడంతో ఆగకండి. ల్యాబ్‌లో నాకౌట్ లైన్ ఉందా, కాల్షియం రీడర్ ఉందా, కణాలకు మైకోప్లాస్మా (కణాలకు సోకే బ్యాక్టీరియా) పరీక్ష చేస్తారా అని కూడా కనుక్కోండి.