పాత ఫొటో స్కానింగుకు ఎంత డీపీఐ?

ప్రశ్న: మా నాన్నగారి నలుపు తెలుపు పాస్‌పోర్టు సైజు ఫొటో ఒక్కటే మా దగ్గర మిగిలింది. దాన్ని స్కాన్ చేసి, 8×10 అంగుళాలకు పెంచి ఫ్రేము కట్టించాలనుకుంటున్నాము. మా స్కానరులో 75 మొదలు 9600 డీపీఐ వరకు అంకెలున్నాయి. స్టూడియోవారు 300 చాలన్నారు. మా అబ్బాయేమో అన్నిటికంటే పెద్ద అంకె పెట్టమంటున్నాడు. ఏది సరి?
- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: డీపీఐ అంటే అంగుళానికి ఎన్ని చుక్కలు అన్న లెక్క. స్టూడియోవారు చెప్పిన 300 ప్రింటుకు చెందిన లెక్క. చేతిలో పట్టుకొని చూసే ఫొటోలో అంగుళానికి 300 పిక్సెళ్లు (బొమ్మను కూర్చే చుక్కలు) ఉంటే బొమ్మ స్ఫుటంగా కనిపిస్తుంది. స్కాన్ చేసేటప్పుడు మాత్రం, ఫొటోను ఎన్ని రెట్లు పెంచబోతున్నారో ఆ సంఖ్యతో 300ను హెచ్చవేయాలి. 4×6 ఫొటోను అదే సైజులో మళ్లీ ప్రింటు వేయించడానికి 300 చాలు. 8×12కు పెంచాలంటే 600 కావాలి.

మీ ఫొటో 35 మిల్లీమీటర్ల వెడల్పుదైతే, అది అంగుళమున్నర కూడా ఉండదు కనుక, 8 అంగుళాలకు తేవడమంటే దాదాపు 6 రెట్లు పెంచడమే. లెక్క ప్రకారం 1800 పెట్టాలి. కానీ లెక్క అడిగినంత వివరం కాగితం మీద ఉండాలి కదా! మామూలు ఫొటో ప్రింటులో 600 డీపీఐ దాటాక కొత్తగా దొరికే వివరం చాలా తక్కువ. ఆపైన స్కానరు పట్టుకునేది ఎక్కువగా కాగితం గరుకును, దుమ్మును, గీతలనే. అందుచేత 1800 దాకా పోకుండా 1200 దగ్గర ఆగమని నా సలహా. అప్పుడు వెడల్పున సుమారు 1650 పిక్సెళ్లు వస్తాయి, అంటే 8 అంగుళాల ప్రింటులో అంగుళానికి 200 పైచిలుకు. నాలుగడుగుల దూరం నుంచి చూసే గోడ పటానికి అది సరిపోతుంది.

మీ అబ్బాయి చెప్పిన 9600 పెడితే, కుదించకుండా దాచిన రంగుల ఫైలు 600 ఎంబీ దాటుతుంది, ఎందుకంటే డీపీఐ రెట్టింపైన ప్రతిసారీ ఫైలు నాలుగింతలవుతుంది. పైగా అంత పెద్ద అంకెలు చాలా స్కానర్లలో, చూసిన చుక్కల మధ్య లేని చుక్కలను ఊహించి నింపగా వచ్చినవే. స్కానరు వివరాలలో ‘ఆప్టికల్’ (స్కానరు నిజంగా చూడగలిగినది) అని రాసిన అంకెనే లెక్కలోకి తీసుకోండి.

ఆ ఫొటో నెగెటివ్ ఎక్కడైనా దాగి ఉందేమో ముందు వెతకండి. అది దొరికితే కథే వేరు. ఫిల్ములో కాగితం కన్నా ఎంతో ఎక్కువ వివరం ఉంటుంది కాబట్టి, ఫిల్ము స్కాన్ చేసే సదుపాయం ఉన్నచోట 2400 గానీ 3200 గానీ పెట్టించడం దండగ కాదు.

నలుపు తెలుపు ఫొటో అయినా రంగుల్లోనే స్కాన్ చేయండి. పసుపెక్కిన మరకలను తరువాత విడదీసి సరిచేయడం సులువవుతుంది. ఫైలును టిఫ్‌గా (నాణ్యత తగ్గకుండా దాచే ఫైలు రకం) దాచి, స్టూడియోకు పెన్‌డ్రైవ్‌లో ఇవ్వండి. వాట్సాప్‌లో మామూలు ఫొటోలా పంపితే అది పిక్సెళ్లను తగ్గించేస్తుంది; పంపక తప్పకపోతే డాక్యుమెంటుగా పంపండి.