‘ఈజీ వాకే అత్తయ్యా’ అంటున్నాడు అల్లుడు.. నా మోకాలు ఒప్పుకుంటుందా?

ప్రశ్న: నా వయసు 61. షుగర్ వచ్చి 11 ఏళ్లయింది. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ కలిసిన మాత్ర ఉదయం, రాత్రి వేసుకుంటాను. బీపీకి టెల్మిసార్టాన్. కుడి మోకాలికి ఎక్స్‌రే తీసి అరుగుదల మొదలైందన్నారు. చదునుగా ఉన్నచోట నడిస్తే ఏమీ ఉండదు, మెట్లు దిగేటప్పుడే నొప్పి. ఏప్రిల్‌లో ఇంగ్లండ్‌లోని రెడింగ్‌కి మా అమ్మాయి దగ్గరికి వెళ్లి ఐదు నెలలు ఉంటాను. వాళ్లు ప్రతి శనివారం అడవుల్లో, నది గట్ల వెంట 8, 10 కిలోమీటర్లు నడుస్తారట. ‘ఈజీ వాకే, పెద్ద కొండలేం లేవు’ అంటున్నాడు అల్లుడు. నేనూ వెళ్లొచ్చా?
– ఓ పాఠకురాలు, తెనాలి

జవాబు: వెళ్లొచ్చు. కాకపోతే మీ అల్లుడు ఈజీ అన్నది కొండల లెక్క చూసి. మిమ్మల్ని ఇబ్బంది పెట్టేవి వేరే రెండున్నాయి. ఒకటి దిగుడు, రెండోది మధ్యాహ్నం భోజనం ఆలస్యం కావడం.

ముందు మోకాలి సంగతి. దిగేటప్పుడు ఒంటి బరువుకు మూడింతల పైనే భారం ఒక్క మోకాలి మీద పడుతుంది. ఆ భారాన్ని ఆపి పట్టుకోవాల్సింది తొడ ముందు కండరం. అది బలహీనంగా ఉంటే దెబ్బంతా చిప్ప వెనక పడుతుంది. కాబట్టి ఇంకా సమయం ఉండగానే కండరానికి పని చెప్పండి. చేతులు పెట్టకుండా కుర్చీలోంచి లేచి, మెల్లగా మూడు లెక్కపెడుతూ కూర్చోండి. ఒక విడతకు 10 సార్లు, రోజుకు రెండు విడతలు. వంటింటి గట్టు దగ్గర నిలబడి, అవసరమైతే పట్టుకునేలా, ఒక్కో కాలి మీద 10 సెకన్లు నిలవడం అలవాటు చేసుకోండి. బురదలో జారకుండా కాపాడేది ఇదే. నడక ఇప్పుడు అరగంట అయితే వారానికి ఐదు నిమిషాల చొప్పున పెంచుకుంటూ పోండి. అక్కడికెళ్లేసరికి గంట నడక తేలిగ్గా సాగాలి.

చేతికర్రలు రెండు కొనుక్కోండి. నామోషీ పడక్కర్లేదు, అక్కడ పాతికేళ్ల వాళ్లూ పట్టుకుంటారు. మోచేయి సమకోణంలో వంగేలా ఎత్తు పెట్టుకుని, దిగేచోట ఐదు సెంటీమీటర్లు పెంచండి. అక్కడి కాలిబాటల్లో పొలానికీ పొలానికీ మధ్య కంచె దాటడానికి చెక్కమెట్లు ఉంటాయి, స్టైల్ అంటారు. ఎక్కేటప్పుడు ముందు ఎడమ కాలు, దిగేటప్పుడు ముందు కుడి కాలు. అంటే మంచి కాలు పైకి, నొప్పి కాలు కిందికి. దిగేటప్పుడు మొహం కంచెవైపే ఉంచి, గుంజ పట్టుకుని, నిచ్చెన దిగినట్టు దిగండి.

నడకకు ముందు డైక్లోఫెనాక్, ఇబుప్రొఫెన్ లాంటివి వేసుకోవద్దు. టెల్మిసార్టాన్ వాడేవాళ్లకి, అందులోనూ ఒంట్లో నీరు తగ్గినప్పుడు, అవి కిడ్నీలకు చేటు. అక్కడ బాత్రూమ్ దొరకదేమోనని మన ఆడవాళ్లు నీళ్లు తాగడమే మానేస్తారు. ఆ పని చేయకండి. దారిలో టాయిలెట్ ఎక్కడుందో ముందే చూసిపెట్టమని అమ్మాయికి చెప్పండి. నొప్పి ఉంటే పారాసిటమాల్ చాలు.

దారి ఎంపిక కూడా మందు లాంటిదే. మొదటి నాలుగు వారాలూ రెడింగ్ నుంచి సోనింగ్ అనే ఊరి వరకు థేమ్స్ నది గట్టు మీది బాట సరిపోతుంది. ఒకవైపుకు 4 కిలోమీటర్ల పైచిలుకు ఉంటుంది. నదిగట్టు నడకలో ఉన్న సుఖం ఏమిటంటే దాదాపు అంతా చదునే, ఎక్కడ అలసిపోతే అక్కడి నుంచి వెనక్కి తిరగొచ్చు. చుట్టి వచ్చే దారుల్లో సగం దూరం వెళ్లాక ఆ వీలుండదు. ఏప్రిల్ చివర, మే మొదట్లో ఆ దగ్గరి చిల్టర్న్స్ కొండల్లో, బీచ్ అనే చెట్ల అడవుల్లో నేలంతా నీలం పూలు పరుచుకుంటాయి, తప్పక చూడాలి. కానీ అక్కడ వాలు ఉంటుంది, వేర్లు అడ్డం వస్తాయి, తడిసిన సుద్దనేల సబ్బులా జారుతుంది. వాన వెలిసిన మర్నాడు వద్దు. మీ అల్లుడి దగ్గర ఆర్డ్‌నెన్స్ సర్వే (అక్కడి ప్రభుత్వ మ్యాపుల సంస్థ) వాళ్ల 1:25,000 మ్యాప్ ఉంటే 4 సెంటీమీటర్లు ఒక కిలోమీటర్ అన్నమాట. నేల ఎత్తును చూపే గోధుమరంగు గీతలు ఎక్కడ ఒకదానికొకటి దగ్గరగా ఉన్నాయో అక్కడే మీ మోకాలికి పరీక్ష. దారిలో ఆవులు కనిపిస్తాయి. దూడలతో ఉన్న మందను గోమాత అని నిమరబోకండి, తొక్కేస్తాయి.

ఇక షుగర్. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే నడకలో షుగర్ పడిపోవడం అరుదు. గ్లిమెపిరైడ్ అలా కాదు, మీరు తిన్నా తినకపోయినా ఇన్సులిన్‌ని తోస్తూనే ఉంటుంది. ఉదయం ఎనిమిదికి టిఫిను, పదికి నడక, ఒంటిగంటకు తినాల్సింది దారి తప్పి మూడయిందనుకోండి, షుగర్ పడిపోయేది అప్పుడే. నడక రోజు ఉదయం గ్లిమెపిరైడ్ లేని మాత్ర వేసుకోవాలా, తక్కువ డోసుదా అన్నది ఇప్పుడే మీ డాక్టరుతో రాయించుకోండి. సొంతంగా మానేయొద్దు. సగానికి విరవడం కూడా వద్దు, ఇలాంటి కలిపిన మాత్రల్లో మెట్‌ఫార్మిన్ చాలావరకు మెల్లగా కరిగే రకం, విరిస్తే ఒక్కసారిగా విడుదలవుతుంది.

బయల్దేరే ముందు వేలు గుచ్చి చూసుకోండి. 100 లోపు ఉంటే ఒక అరటిపండో, నాలుగు మేరీ బిస్కెట్లో తిని కదలండి. అక్కడ కొన్న మీటరు వేరే లెక్కలో చూపిస్తుంది, ఆ అంకెను 18తో గుణిస్తే మన లెక్క వస్తుంది. మీటరు 4 చూపిస్తే ‘నాలుగేమిటి?’ అని కంగారుపడొద్దు, అది మన 72. అయితే అంతకంటే కిందికి పోనివ్వకూడదు. చెమట, వణుకు, మాట తడబడటం మొదలైతే అక్కడే కూర్చుని 150 మిల్లీలీటర్ల పండ్ల రసం తాగండి, లేదా మూడు చెంచాల చక్కెర. పావుగంట తర్వాత మళ్లీ చూసుకుని, ఇంకా తక్కువుంటే మళ్లీ అంతే. చాక్లెట్ పనికిరాదు, అందులోని కొవ్వు వల్ల చక్కెర ఆలస్యంగా ఎక్కుతుంది. రసం ప్యాకెట్ మీ జేబులోనే ఉండాలి, ముందు నడిచే అల్లుడి బ్యాగులో కాదు. నడక ప్రభావం రాత్రికీ ఉంటుంది కాబట్టి పడుకునే ముందు ఇంకోసారి చూడండి.

పదకొండేళ్ల షుగర్ కదా, పాదాల్లో స్పర్శ ఎలా ఉందో వెళ్లే ముందు పరీక్ష చేయించండి. స్పర్శ తగ్గితే బొబ్బ చిట్లినా తెలియదు. బూట్లు సాయంత్రం పూట, కాస్త వాచిన పాదంతో కొనండి. వేలి ముందు బొటనవేలంత ఖాళీ ఉండాలి. మూడు వారాలు ఇంట్లో తొడిగి తిరిగాకే దారి మీదికి. నూలు సాక్సులు తడిని పట్టుకుని చర్మాన్ని నానబెడతాయి, ఉన్ని కలిసినవి మేలు. ఒక జత అదనంగా ఉంచుకుని, తడిస్తే వెంటనే మార్చండి. ఇంటికొచ్చాక వేళ్ల సందులు కూడా చూడాలి. గుండె విషయంలో ఈసీజీ ఒకటి తీయించుకోండి. నడుస్తుంటే మాట్లాడలేనంత ఆయాసం వస్తే, ఛాతీ నొప్పి లేకపోయినా సరే ఆగిపోండి. షుగర్ ఉన్నవాళ్లకి కొన్నిసార్లు గుండెపోటు ఆయాసంగానే మొదలవుతుంది. వెంటనే అక్కడి అత్యవసర నంబరు 999కి ఫోన్ చేయించండి. విమానం దిగిన మొదటి రెండు మూడు రోజులు ఇంటి చుట్టూ తిరిగితే చాలు. ఒక్క పిక్కే వాచి నొప్పెడితే అది నడక నొప్పి అనుకోవద్దు, రక్తం గడ్డకట్టిందేమో అదేరోజు చూపించుకోవాలి.

మీరు అడగలేదు గానీ, మన పశువులకు పట్టే పిడుదు లాంటి పురుగు (టిక్ అంటారు) ఆ అడవుల్లో, ఎత్తైన గడ్డిలో ఉంటుంది. చిన్నవి గసగసంత. కొన్నిట్లో, కుడితే మనకు సోకే లైమ్ అనే జబ్బు క్రిమి ఉంటుంది. ప్యాంటు అంచులు సాక్సుల్లోకి దోపుకుని, బాట మధ్యలో నడవండి. ఇంటికొచ్చాక మోకాలి వెనక, గజ్జల్లో, నడుం దగ్గర చూసుకోండి. పట్టి ఉంటే సన్నమొన పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని, తిప్పకుండా నిదానంగా పైకి లాగాలి. సున్నం, కిరోసిన్, అగ్గిపుల్ల ప్రయోగాలు చేస్తే అది కక్కి, ఆ క్రిమి మీ ఒంట్లోకి పోవచ్చు. ఏ రోజు పట్టిందో రాసిపెట్టుకోండి. ఆ జబ్బు సోకితే చర్మం మీద మచ్చ ఎక్కువగా ఒకటి నుంచి నాలుగు వారాల్లో వస్తుంది, మూడు నెలల వరకూ రావొచ్చు. రోజురోజుకీ చుట్టూ పెద్దదవుతుంది, చాలామందికి దురద ఉండదు. మన చామనఛాయ ఒంటి మీద అది ఎర్రగా కనిపించకపోవచ్చు. తెనాలి వచ్చాక బయటపడితే ఇక్కడి డాక్టరు తామరేమో అనుకునే వీలుంది. ‘ఇంగ్లండ్ అడవిలో పురుగు పట్టింది’ అని తేదీతో సహా మీరే ముందు చెప్పండి.