పైథాన్ వదిలేస్తానన్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి అత్తయ్య ఆశీస్సులు.

నీ ప్రోగ్రామ్‌లో ఒక లిస్ట్‌ను, అంటే విలువల వరుసను, మారిస్తే రెండోది కూడా దానంతటదే మారిపోతోందని, రెండు రోజులు వెతికినా తప్పు దొరకలేదని రాశావు. లైబ్రరీలు ఒకదానితో ఒకటి తగాదా పడుతున్నాయనీ, పైథాన్ నెమ్మదనీ, వరుసల ముందు ఖాళీలు పెట్టే ఇండెంటేషన్ నియమం చాదస్తమనీ కూడా అన్నావు. విసుగెత్తి ఈ ప్రోగ్రామింగ్ భాషనే వదిలేస్తానంటున్నావు. కాస్త ఆగు నాయనా.

పైథాన్‌లో పేరును విలువలు దాచే డబ్బాగా ఊహించుకున్నావు. చిక్కంతా అక్కడే ఉంది. పేరు ఒక వస్తువుకు అంటించిన చీటీ మాత్రమే. 'కొత్త = పాత' అని రాస్తే ఉన్న ఒక్క లిస్ట్‌కే రెండో చీటీ పడుతుంది. ఏ చీటీ చూసి వెళ్లినా చేరేది ఆ లిస్ట్ దగ్గరికే. నకలు కావాలంటే కాపీ చేయమని నువ్వే చెప్పాలి. లిస్ట్‌లో మళ్లీ లిస్ట్‌లుంటే, లోపలివాటికీ నకలు తీసే డీప్‌కాపీ వాడాలి.

ఇది సరిగ్గా తలకెక్కక నేనూ దెబ్బతిన్నాను. ఒక ఫంక్షన్‌కు డిఫాల్ట్ విలువగా, అంటే పిలిచేవాళ్లు ఏమీ ఇవ్వకపోతే వాడుకునే విలువగా, ఖాళీ లిస్ట్ పెట్టాను. పిలిచిన ప్రతిసారీ కొత్త లిస్ట్ వస్తుందనుకున్నాను. పైథాన్ మాత్రం ఫంక్షన్‌ను నిర్వచించే డెఫ్ (def) వాక్యం నడిచినప్పుడు ఆ లిస్ట్‌ను ఒక్కసారే తయారు చేసి పెట్టుకుంటుంది. ఒకరి లెక్కలో మరొకరి వివరాలు చేరుతూ పోయాయి. పరీక్షించేటప్పుడు ఫంక్షన్‌ను ఒక్కసారే పిలిచేదాన్ని కాబట్టి తప్పు బయటపడలేదు. అప్పటినుంచి డిఫాల్ట్‌గా 'ఏమీ లేదు' అని చెప్పే నన్ (None) పెట్టి, లిస్ట్‌ను ఫంక్షన్ లోపలే తయారు చేస్తున్నాను. నువ్వూ అలాగే చేయి.

లైబ్రరీల తగాదాకు మందు తేలికే: ప్రతి ప్రాజెక్టుకూ విడిగా వర్చువల్ ఎన్విరాన్‌మెంట్, అంటే దాని లైబ్రరీలు దానికే ఉండే చోటు, పెట్టుకో. ఇక వేగం సంగతి. నెమ్మది అన్నమాట నిజమే. పది లక్షల సంఖ్యలను లూప్‌లో ఒక్కొక్కటిగా కలిపితే ఆలస్యమవుతుంది. అదే పని నంపై (NumPy) అనే లెక్కల లైబ్రరీకి అప్పగిస్తే లోపల సి భాషలో చకచకా జరిగిపోతుంది. ఏదైనా ముందు, ఎక్కడ ఎంత సమయం పడుతోందో చూపే ప్రొఫైలర్‌తో కొలిచి చూడు. ఆలస్యం నువ్వు అనుమానించిన చోట ఉండకపోవచ్చు.

ఇంత చెప్పీ వదలొద్దని ఎందుకు అంటున్నానో విను. 2008లో వచ్చిన పైథాన్ 3లో పాత పైథాన్ 2 కోడ్ చాలావరకు అలాగే నడవదు. పైథాన్ 2కు 2020 జనవరి 1తో మద్దతు ఆగిపోతుందనగా, ఎవరో ఎప్పుడో రాసి వెళ్లిన ఫైళ్లను కొత్త వెర్షన్‌కు మార్చే పని నా మీద పడింది. ప్రింట్ రాసే తీరు మారింది. 5ను 2తో భాగిస్తే ఇదివరకు 2 వచ్చేది, ఇప్పుడు 2.5 వస్తుంది. ఆ మార్పు ఏ లెక్కను తారుమారు చేస్తుందోనని ప్రతి భాగహారాన్నీ తడిమి చూశాను. ఎంత విసిగిపోయానో చెప్పలేను. అయినా రాసినవాళ్ల ముఖం కూడా తెలియని నేను వాళ్ల ఆలోచనను వరుస వెంట వరుస చదవగలిగాను. ఏ వాక్యం దేని కింద నడుస్తుందో ఖాళీల అమరికే చూపించింది. నీకు చాదస్తంగా కనిపిస్తున్న ఆ ఇండెంటేషన్ నియమమే ఆనాడు నన్ను ఒడ్డున పడేసింది. నీ కోడ్‌ను కూడా రేపు ఎవరో చదువుతారు.

ఇప్పుడు ఆ రెండు లిస్ట్‌ల దగ్గరికి వెళ్లు. వస్తువు గుర్తింపు సంఖ్యను ఇచ్చే ఐడి (id) ఫంక్షన్‌తో రెండింటి సంఖ్యలనూ ప్రింట్ చేయి. అవి ఒకటేనా, వేరువేరా, నాకు రాయి.

మీ అత్తయ్య