టెక్ సందేహాలు: గిటారు టోన్ వేటలో ఇంటి ల్యాప్‌టాప్‌ను పణంగా పెట్టకండి

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎలక్ట్రిక్ గిటారు గురించినవే ఎక్కువ. బొబ్బిలి, రాజాం, ఆమదాలవలస, శ్రీకాకుళం... ఊరు ఏదైనా ఫిర్యాదు ఒకటే. గిటారు కొన్నాం, ఫోనుకో ల్యాప్‌టాప్‌కో కలిపాం, వీడియోల్లో వినిపించే సౌండ్ మాత్రం రావడం లేదు అని. అందుకే అన్నిటికీ ఒకేచోట జవాబు రాస్తున్నాను.

బొబ్బిలి నుంచి డిగ్రీ విద్యార్థి: "నా బడ్జెట్ 20 వేలు. ఏ చెక్కతో చేసిన గిటారు కొంటే టోన్ బాగుంటుంది?"

మీ ఊరి పక్కన గొల్లపల్లిలో పనస మొద్దును తొలిచి వీణ చేస్తారు. అక్కడ కుండలోని డొల్ల, దాని మీద పరిచిన పలక, ఇవన్నీ కలిసి నాదాన్ని పెంచుతాయి కాబట్టి చెక్క గురించి అడగడం సబబే. మీరు కొనబోయే గిటారు సాలిడ్ బాడీది, అందులో ఆ డొల్ల ఉండదు. తీగల కింద అయస్కాంతం, దాని చుట్టూ వేల చుట్లు చుట్టిన సన్నటి రాగి తీగ ఉంటాయి. దీన్నే పికప్ అంటారు. పైన ఉక్కు తీగ కదిలినప్పుడు ఆ చుట్టలో చిన్న కరెంటు పుడుతుంది. కేబుల్‌లో ఆంప్‌కి, అంటే శబ్దాన్ని పెంచే యాంప్లిఫయర్‌కి, వెళ్లేది ఆ కరెంటే. అందుకే నైలాన్ తీగలు వేస్తే ఈ పికప్ పలకదు.

కాబట్టి చెక్క గురించి టెన్షన్ పడకుండా పికప్‌లు చూడండి. సింగిల్ కాయిల్ (ఒకే చుట్ట ఉన్న పికప్) గొంతు తేటగా ఉంటుంది, కానీ ఇంట్లోని 50 హెర్ట్జ్ కరెంటు హోరును కూడా పట్టేస్తుంది. ఆ హోరును చంపడానికే 1955లో సెత్ లవర్ అనే ఇంజినీర్ రెండు చుట్టలను ఒకదానికొకటి వ్యతిరేకంగా కలిపి హంబకర్ తయారుచేశాడు. దాని గొంతు బరువుగా ఉంటుంది, డిస్టార్షన్‌కి (రాక్ పాటల్లో వినిపించే గరుకు సౌండ్‌కి) బాగా నప్పుతుంది. మొదటి గిటారుకైతే బ్రిడ్జి (తీగలు కింద ఆనే చోటు) దగ్గర ఒక హంబకర్, మిగతా రెండు సింగిల్ కాయిల్స్ ఉన్నది తీసుకోమంటాను. రెండు రుచులూ తెలుస్తాయి. 20 వేలూ గిటారు మీదే పెట్టేయకండి. ఆడియో ఇంటర్‌ఫేస్‌కో (గిటారును కంప్యూటర్‌కి కలిపే పెట్టె) చిన్న ఆంప్‌కో, మంచి కేబుల్‌కో కొంత ఉంచుకోండి.

దుకాణంలో 12వ ఫ్రెట్ (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు మెట్టు) దగ్గర తీగను నొక్కకుండా చూడండి. తీగకీ ఫ్రెట్‌కీ మధ్య 2 మిల్లీమీటర్లకు మించి ఖాళీ ఉంటే సెటప్ చేసి ఇమ్మని అడగండి. అంతకంటే ఎత్తుగా ఉంటే నెలలోపే వేళ్లు నొప్పెట్టి గిటారు మూల చేరుతుంది. మన దగ్గర గాలిలో తేమ ఎక్కువ, తీగలు తొందరగా తుప్పు పడతాయి. వాయించడం అయ్యాక పొడిగుడ్డతో తుడవండి.

రాజాం నుంచి: "యాప్‌లో డిస్టార్షన్ పెడితే కందిరీగలు మూగినట్టు ఉంది. పైగా మీటిన తర్వాత శబ్దం ఆలస్యంగా వస్తోంది."

మీరు పంపిన క్లిప్ విన్నాను. అది యాప్ తప్పు కాదు. గిటారు ఆంప్‌లోని 12 అంగుళాల స్పీకర్ సుమారు 5 వేల హెర్ట్జ్ దాటిన శబ్దాన్ని బాగా తగ్గించేస్తుంది. డిస్టార్షన్‌లో పుట్టే గరుకంతా అక్కడే వడగట్టుకుపోతుంది. ఇయర్‌ఫోన్స్‌కి ఆ వడపోత లేదు. యాప్‌లో ఆ స్పీకర్ వడపోతను అనుకరించే బ్లాక్ ఒకటి క్యాబ్ అనో క్యాబినెట్ అనో ఉంటుంది, అది ఆన్ చేయండి. వందల పెడల్ బొమ్మలు పేర్చి పెట్టి, ఈ ఒక్క బ్లాక్‌ను మూడో మెనూలో దాచిన డిజైనర్ల మీద నాకు నిజంగా కోపం వస్తుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఇక్కడే నిరాశపడి వదిలేస్తున్నారు.

ఆలస్యానికి కారణం మీ బ్లూటూత్ ఇయర్‌బడ్స్. చాలావాటిలో ఆ ఆలస్యం 200 మిల్లీసెకన్ల దాకా ఉంటుంది. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు ప్రయాణిస్తుంది కాబట్టి, మీరు ఇక్కడ మీటుతుంటే ఆంప్ 70 మీటర్ల అవతల వీధి చివర ఉన్నట్టు లెక్క. అలా ఎవరూ వాయించలేరు. వైరున్న హెడ్‌ఫోన్స్ వాడండి. ఫోన్ మైక్ సాకెట్‌కి గిటారును నేరుగా కలపకండి. పికప్‌కి ఒక మెగా ఓమ్ (పది లక్షల ఓమ్‌లు) దరిదాపుల్లో నిరోధం ఉండే ఇన్‌పుట్ కావాలి, మైక్ సాకెట్‌లో అది కొన్ని వేల ఓమ్‌లే కాబట్టి పైస్వరాలు మొద్దుబారిపోతాయి. గిటారు ఇన్‌పుట్ ఉన్న యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్ తీసుకోండి.

ఆమదాలవలస నుంచి: "ల్యాప్‌టాప్ చార్జింగ్‌లో ఉంటే బుయ్యిమని మోత. చార్జర్ తీస్తే పోతుంది. తీగ ముట్టుకుంటే కొంచెం జిల్లుమంటోంది."

జిల్లుమంటోంది అన్న మాట చదివాక మోత సంగతి పక్కన పెట్టాను. ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్తింగ్ చూపించండి. పాత ఇళ్లలో గోడకు మూడు రంధ్రాల సాకెట్ ఉంటుంది, వెనక ఎర్త్ వైరే ఉండదు. చార్జర్‌లోంచి లీకయ్యే కొద్దిపాటి కరెంటు వెళ్లడానికి దారి లేక కేబుల్ ద్వారా తీగల్లోకి వస్తుంది. మీ చేతి దాకా వస్తున్నది అదే. మూడో పిన్ను విరిచేస్తే మోత పోతుందని సలహా ఇచ్చేవాళ్ల మాట అస్సలు వినకండి. 1972లో బ్రిటన్‌లోని స్వాన్సీలో కచేరీ చేస్తూ లెస్ హార్వే అనే గిటారిస్టు ఎర్త్ సరిగా లేని మైక్ ముట్టుకుని చనిపోయాడు. పరిషత్ నాటకానికో జాతరకో స్టేజీ మీద వాయించేవాళ్లు జనరేటర్ దగ్గర ఎర్త్ ఉందో లేదో చూశాకే కేబుల్ గుచ్చండి.

శ్రీకాకుళం నుంచి: "టెలిగ్రామ్ గ్రూపులో ఖరీదైన ఆంప్ ప్లగిన్ (కంప్యూటర్‌లో ఆంప్ సౌండ్ ఇచ్చే సాఫ్ట్‌వేర్) ఫ్రీగా దొరికింది. ఇన్‌స్టాల్ చేయాలంటే యాంటీవైరస్ ఆపమంటోంది. ఆపాను. టోన్ అదిరింది. ఏమైనా ప్రమాదమా?"

ప్రమాదమే. ఇదే ప్రశ్న మాటలు మార్చి ఇంకో ముగ్గురు అడిగారు. మీరైతే ఆ ల్యాప్‌టాప్‌లోనే నాన్నగారు షాపు జీఎస్టీ, బ్యాంకు పనులు చూస్తారని కూడా రాశారు.

ఆ ఫైల్ మీ దగ్గరికి ఎలా వచ్చిందో గుర్తు చేసుకోండి. పాస్‌వర్డ్ పెట్టిన జిప్ అయి ఉంటుంది. దారిలో ఏ స్కానరూ లోపలికి తొంగి చూడకుండా ఉండడానికే ఆ పాస్‌వర్డ్. తర్వాత యాంటీవైరస్ ఆపమంది, అడ్మిన్‌గా రన్ చేయమంది. అంటే కాపలా మనిషిని మీరే పంపించేసి, బీరువా తాళాలు చేతికిచ్చారు. ప్లగిన్ చక్కగా పనిచేస్తుంది కాబట్టి అనుమానం రాదు. వెనక వచ్చే దొంగ ప్రోగ్రాం బ్రౌజర్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు, లాగిన్ కుకీలు మూటగట్టి పంపేస్తుంది. నిమిషాల్లో పని అయిపోతుంది.

ఓటీపీ ఉందిగా అనుకోకండి. సినిమా హాల్లో ఇంటర్వెల్‌కి బయటికి వెళ్తే చేతిలో పాస్ పెడతారు, అది చూపిస్తే మళ్లీ టికెట్ అడగరు. లాగిన్ కుకీ అలాంటిదే. అది ఎత్తుకెళ్లినవాడికి మీ మెయిల్, పాస్‌వర్డ్ గానీ ఓటీపీ గానీ అడగకుండానే తెరుచుకోవచ్చు. మెయిల్ చేతికి చిక్కితే మిగతా ఖాతాల పాస్‌వర్డ్‌లు మార్చుకోవడం వాడికి కష్టం కాదు. లుమ్మా అనే ఇలాంటి దొంగ ప్రోగ్రాం 2025 మార్చి 16 నుంచి మే 16 లోపు 3,94,000కు పైగా విండోస్ కంప్యూటర్లలో చేరిందని మైక్రోసాఫ్ట్ లెక్క తేల్చింది. క్రాక్ సాఫ్ట్‌వేర్ (లైసెన్సు తాళం విరగ్గొట్టి ఫ్రీగా పంచేది) దాని దారుల్లో ఒకటి.

ఈ రోజే ఆ ల్యాప్‌టాప్‌కి ఇంటర్నెట్ తీసేయండి. వేరే ఫోన్ నుంచి ముందు మెయిల్ పాస్‌వర్డ్ మార్చి, అన్ని పరికరాల నుంచి సైన్ అవుట్ నొక్కండి. తర్వాత బ్యాంకు, జీఎస్టీ. నాన్నగారికి దాచకుండా చెప్పండి. ఆయన తిడతారేమో గానీ, ఆయనకు తెలియకుండా ఖాతా ఖాళీ అయితే మాట పడేది ఆయనే. ఫొటోలు, బిల్లులు మాత్రం కాపీ చేసుకుని విండోస్ కొత్తగా వేయించండి, స్కాన్ చేసి ఊరుకోవద్దు. డబ్బు పోయిందని తెలిస్తే ఒక్క గంట కూడా ఆగకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఇంతా చేసి దొంగ ప్లగిన్ అవసరమే లేదు. న్యూరల్ ఆంప్ మోడలర్ అనే ప్లగిన్ పూర్తిగా ఉచితం, ఓపెన్ సోర్స్. అసలు ఆంప్‌లను కొలిచి చేసిన ప్రొఫైల్స్ దానికి బోలెడు ఉన్నాయి. దాని సొంత సైట్ నుంచే దించుకోండి.

కంపెనీలతోనూ ఒక మాట. నా ప్రాక్టీస్ ఆంప్‌కి పోయినేడాది ఒక అప్‌డేట్ వచ్చింది. అది వేశాక నేను రెండేళ్లుగా దాచుకున్న ప్రీసెట్లన్నీ (సేవ్ చేసిన సౌండ్ సెట్టింగులు) పోయాయి. బ్యాకప్ చేసుకోమని ముందుగా ఒక్క ముక్క చెప్పలేదు. పైగా ఇప్పుడు దాని యాప్ వాల్యూమ్ తగ్గించాలన్నా ఖాతా తెరవమంటుంది, లొకేషన్ అడుగుతుంది. పాత ఆండ్రాయిడ్‌లో బ్లూటూత్ వెతకడానికి లొకేషన్ అనుమతి కావాల్సి వచ్చేది, నిజమే. ఆండ్రాయిడ్ 12 నుంచి దానికి వేరే అనుమతి ఉంది. ఇంకా లొకేషన్ అడుగుతున్నారంటే ఒళ్లు వంచి యాప్ మార్చలేదన్నమాట, లేదా మనం ఎక్కడ తిరుగుతున్నామో వాళ్లకు కావాలన్నమాట. కొనేవాళ్లు దుకాణంలోనే అడగండి: యాప్ లేకుండా, ఇంటర్నెట్ లేకుండా ఈ ఆంప్ పూర్తిగా పనిచేస్తుందా? పనిచేయదంటే ఇంకోటి చూపించమనండి.

విజయనగరం నుంచి: "సెకండ్ హ్యాండ్ గిటారు ఆన్‌లైన్‌లో చూశాను. అడ్వాన్స్ పంపమంటున్నాడు."

పంపకండి. నలుగురు తిరిగే చోట, పగటి పూట, గంటస్తంభం దగ్గరో మరోచోటో కలవండి. బ్యాటరీ ఆంప్ పట్టుకెళ్లి ప్రతి నాబ్ తిప్పి వినండి. గరగరమంటే పెద్ద ఖర్చు కాదు, బాగుచేయించుకోవచ్చు. తర్వాత గిటారును తుపాకీ గురిపెట్టినట్టు కంటి దగ్గర పెట్టి నెక్ పొడవునా చూడండి. కొంచెం వంగితే లోపలి రాడ్ తిప్పి సరిచేస్తారు. మెలితిరిగి ఉంటే మాత్రం ధర ఎంత తగ్గించినా వదిలేసి రండి.