పిట్స్‌బర్గ్ డౌన్‌టౌన్‌లో కాండో: నాన్నగారి నడక, నా తాళింపు

పిల్లలు కాలేజీలకి వెళ్ళిపోయారు, పిట్స్‌బర్గ్‌లో ఉద్యోగం వచ్చింది, సబర్బ్‌లో ఇల్లు కొనాలా, డౌన్‌టౌన్‌లో కాండో (పెద్ద బిల్డింగ్‌లో సొంతానికి కొనుక్కునే ఫ్లాటు) తీసుకోవాలా అని మీరు అడిగారు. ఏటా కొన్ని నెలలు మీ అమ్మానాన్నలు వచ్చి ఉంటారని చివర్లో రాశారు. ఆ మాట చూశాకే జవాబు రాయాలనిపించింది.

మేము తొమ్మిదేళ్ళు ఊరి బయట నాలుగు బెడ్‌రూముల ఇంట్లో ఉన్నాం. నాన్నగారు వచ్చిన రెండోవారానికే టికెట్ ముందుకు జరపమనేవారు. రాజమండ్రిలో తెల్లారగానే గోదావరి గట్టుకెళ్ళి, పేపరు కొనుక్కుని, నలుగురితో మాట్లాడి ఇంటికొచ్చే మనిషాయన. ఇక్కడ గుమ్మం దాటితే ఫుట్‌పాత్ కూడా లేదు. సాయంత్రం మేమొచ్చి కారు తీసేదాకా కిటికీ దగ్గర కుర్చీలోనే.

ఆరేళ్ళ కిందట డౌన్‌టౌన్‌లో రెండు బెడ్‌రూముల కాండోకి మారాం. ఇప్పుడాయన తాళం జేబులో వేసుకుని తనే వెళ్ళిపోతారు. రోజూ పొద్దున పాయింట్ స్టేట్ పార్కుకి. అలిఘెనీ, మొనాంగహీలా కలిసి ఒహాయో నది మొదలయ్యేది అక్కడే. మొదటిసారి చూసి, "అన్నీ కలిపినా మన గోదావరిలో ఓ పాయంత లేవే!" అన్నారు. అయినా ఒక్కరోజు మానరు.

ఇక్కడి లైట్ రైలుని 'టీ' అంటారు. డౌన్‌టౌన్ స్టేషన్ల మధ్య, నది అవతల నార్త్ సైడ్, అలిఘెనీ స్టేషన్ల దాకా దానికి టికెట్ లేదు. అది నది కింద సొరంగంలోంచి పోతుంది. నదిని అడుగునుంచి దాటడం, అదీ డబ్బుల్లేకుండా అంటే నాన్నగారికి ఎంత సరదానో! ఊరినుంచి ఎవరు ఫోన్ చేసినా ఈ సంగతి చెప్పాల్సిందే. అమ్మకి ఇష్టమైంది మాత్రం ఇంక్లైన్. 1883 నాటి స్మిత్‌ఫీల్డ్ స్ట్రీట్ వంతెన మీదుగా నడిచి వెళ్తే మొనాంగహీలా ఇంక్లైన్ వస్తుంది. ఇనుప తాళ్ళతో లాగే ఆ పెట్టె 1870 నుంచి మనుషుల్ని మౌంట్ వాషింగ్టన్ కొండ మీదికి చేరవేస్తోంది. దీపాలు వెలిగే వేళకి పైకెళ్ళండి, ఊరూ నదులూ పసుపురంగు వంతెనలూ అన్నీ కాళ్ళ కింద కనిపిస్తాయి.

శనివారం పొద్దున కూరలకీ చేపలకీ స్ట్రిప్ డిస్ట్రిక్ట్. చలికాలానికి ఫిప్స్ కన్సర్వేటరీ ఉంది, 1893 నాటి అద్దాల తోట. ఇక్కడి చలికన్నా మబ్బు ఎక్కువ బాధపెడుతుంది, వారాల తరబడి ఎండ కనిపించదు. పెన్ హిల్స్‌లో 1970లలో కట్టిన శ్రీ వేంకటేశ్వర ఆలయానికి మాత్రం కారులోనే వెళ్తాం. కాబట్టి ఒక్క కారైనా ఉంచుకోండి. పార్కింగ్ చోటు యూనిట్‌తోపాటు మీ పేరున రాస్తారా, విడిగా అద్దె కట్టాలా అన్నది ముందే అడగండి.

ఇక కష్టాలు. మంచు ఎత్తే పని, గడ్డి కోసే పని లేవు, కానీ దానికి నెలనెలా అసోసియేషన్ (బిల్డింగ్‌లో ఇళ్ళున్నవాళ్ళందరి సంఘం) ఫీజు కడుతూనే ఉంటాం. అదైనా తెలిసిన ఖర్చే. మేము చేరిన రెండో ఏడు లిఫ్టులు మార్చాలన్నారు, పెద్ద ఖర్చులకని అసోసియేషన్ దాచే రిజర్వ్ నిధిలో డబ్బు చాల్లేదు, ఒక్కో ఇంటికీ ఏడువేల డాలర్ల స్పెషల్ అసెస్‌మెంట్, అంటే ఫీజు కాక అదనపు వసూలు, వేశారు. తప్పు మాదే, కాగితాలు చదవలేదు. పెన్సిల్వేనియాలో పాత కాండో అమ్మేవాళ్ళు రీసేల్ సర్టిఫికెట్ ఇవ్వాలి. రిజర్వ్ నిధి ఎంతుందో, పెద్ద ఖర్చులేవైనా అనుకున్నారో అందులో ఉంటుంది. అది అందాక అయిదు రోజుల్లోపు, రిజిస్ట్రేషన్ జరగకముందైతే, మీరు ఒప్పందం రద్దు చేసుకోవచ్చు. ఆ అయిదు రోజులూ కూర్చుని చదవండి.

వంటగది ఇంకో సంగతి. పొయ్యి మీది చిమ్నీ గొట్టం బయటికుందో లేదో చూడండి. మాది పొగని ఫిల్టర్‌లో తిప్పి మళ్ళీ మన మొహం మీదికే ఊదే రకం. ఓ జనవరి రాత్రి ఎండుమిరపకాయల తాళింపుకి ఇల్లంతా ఘాటు. గాలాడుతుందని కారిడార్ తలుపు తీశాను. అంతే, కారిడార్‌లో పొగ పసిగట్టే డిటెక్టర్ మోగి బిల్డింగ్ మొత్తం పైజామాలతో చలిలోకి దిగింది. మా అమ్మ శాలువా కప్పుకుని అందరికీ నమస్కారాలు పెడుతూ నిలబడింది. కిటికీ తీయండి, కారిడార్ తలుపు మాత్రం ఎన్నటికీ తీయకండి. గ్రైండర్ కింద మందపాటి రబ్బరు పట్టా వేయండి, కింది ఇంటివాళ్ళు నిద్రపోవాలి కదా.

మీ అమ్మగారికి మోకాళ్ళ నొప్పులన్నారు. లిఫ్టుంది కాబట్టి మెట్ల బాధ ఉండదు. కానీ బాత్రూంలో ఎత్తు టబ్బు ఉంటే కష్టం, నేలకి సమంగా ఉండే షవర్ ఉందేమో చూడండి. లేకపోతే మార్చుకోవడానికి అసోసియేషన్ అనుమతి కావాలేమో కొనకముందే అడగండి. మాకు ఆ కాగితం రావడానికి మూడు నెలలు పట్టింది.